మొదటి ఏడాది బేసిక్ ఎలక్ట్రికల్ కోర్సు కొత్తగా రాయాలి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం తీసేయాలి?

గట్టుమీద_మాస్టారు
మా కాలేజీకి ఈ ఏడాది అటానమస్ వచ్చింది. భీమవరం దగ్గరే. సిలబస్ ఇక మేమే రాసుకోవచ్చు. బీటెక్ మొదటి ఏడాదిలో అన్ని బ్రాంచీలకూ ఉండే బేసిక్ ఎలక్ట్రికల్ ముసాయిదా నా నెత్తిన పెట్టారు. నెలాఖరులో బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగు. వారానికి మూడు క్లాసులు, ఒక ల్యాబు, సెమిస్టరుకి పద్నాలుగు పదిహేను వారాలు.

ఇన్నాళ్లూ నడిచిన పద్ధతి మీకు తెలిసిందే. ఓమ్, కిర్కాఫ్, మెష్, నోడల్, థెవెనిన్, నార్టన్, సూపర్‌పొజిషన్, అన్నీ సర్క్యూట్ లెక్కల సూత్రాలే. అక్కడికే సగం సెమిస్టరు అయిపోతుంది. ఏసీ, ట్రాన్స్‌ఫార్మర్, మోటార్లు పరుగు మీద చెప్పేస్తాం. ఎర్తింగ్, ఫ్యూజుల దగ్గరికి వచ్చేసరికి పరీక్షలు. ఇంటర్ ఎంపీసీలో ఒకసారి చదివొచ్చిన కిర్కాఫ్‌ని మళ్లీ వారాల తరబడి చెబితే ఏ పిల్లవాడు వింటాడు?

మా పిల్లల్లో చాలామంది కుటుంబాలకి రొయ్యల చెరువులున్నాయి. త్రీ ఫేజ్ సప్లై, స్టార్టర్లు, జనరేటర్లు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లు. వాళ్లే నాలుగు రెసిస్టర్ల సర్క్యూట్ గబగబా చేసేస్తారు. న్యూట్రల్ తీగ ఎందుకుందిరా అంటే మాత్రం నోరు మెదపరు. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది. మీ అనుభవం చెప్పండి.

పాతలైను
ముందు ఎర్తింగ్, షాకు. తర్వాతే ఏదైనా. కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగమంతా చేసినవాడిగా చెబుతున్నాను. చెరువు గట్ల మీద, పొలాల్లో పోయిన ప్రాణాలు చూశాను. ఇంజనీరింగు చదివిన కుర్రాడు ఇంట్లో ఉండి కూడా ఆ మోటారుకి ఎర్త్ ఉందో లేదో చూడలేదంటే ఆ చదువెందుకు?

ఫేజర్_పిచ్చి
మాస్టారూ, సిద్ధాంతం తగ్గించేద్దామన్న తొందర మంచిది కాదు. కాకినాడలో చాలా ఏళ్లుగా ఇదే పేపరు చెబుతున్నాను. థెవెనిన్ రానివాడికి వోల్టేజీ డ్రాప్, అంటే దారిలో తీగ తినేసే వోల్టేజీ, అర్థం కాదు. కాంప్లెక్స్ సంఖ్యలు రానివాడికి పవర్ ఫాక్టర్, అంటే లాగిన కరెంటులో పనికొచ్చే వాటా, అర్థం కాదు. ఎర్తింగ్ మీద ఒక మంచి ఉపన్యాసం చాలు. దానికి కోర్సు అక్కర్లేదు.

పాతలైను
ఉపన్యాసం చాలదు ఫేజర్ గారూ, లెక్క కావాలి. చూడండి. మోటారు బాడీకి ఫేజు తగిలింది అనుకుందాం. మోటారు దగ్గర ఎర్త్ పిట్టు 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్తు 2 ఓములు. 230ని 12తో భాగిస్తే 19 ఆంపియర్లు. అక్కడున్నది 32 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయి సప్లై ఆపే స్విచ్చు. అది పడదు. ఎంతసేపైనా పడదు. బాడీ మీద 19 ఇంటూ 10, అంటే 190 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. "ఎర్త్ పెట్టించాం, భయం లేదు" అనుకుంటున్న రైతు అదే మోటారు మీద చెయ్యి వేస్తాడు.

30 మిల్లీ ఆంపియర్లు లీకైనా సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ ఎందుకు పెట్టాలో ఈ ఒక్క లెక్కతో పిల్లలకి ఎక్కుతుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలామందికి పట్టుకున్న తీగ వదలడం కష్టం అని కూడా అక్కడే చెప్పాలి. ఇందులో ఉన్నది ఓమ్ సూత్రమే. మీ సిద్ధాంతం ఎక్కడికీ పోలేదు.

ఈసీఈ_సెకండియర్_అమలాపురం
ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు సార్. మా ఇంట్లో ఎర్త్ పిట్టు ఉంది కాబట్టి అంతా బాగుందనే అనుకుంటున్నాం. రేపే మీటర్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూస్తా.

రొయ్యలచెరువు_ఉండి
పాతలైను గారు చెప్పింది నిజమేనండి, కానీ మా బాధ కూడా వినాలి. ఆర్‌సీసీబీ పెట్టించాను. వానాకాలంలో ఊరికే పడిపోతోంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుందండి. అప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వనామీ రొయ్య చచ్చి తేలిపోతుంది. ఒక రాత్రిలో పంటంతా పోతుంది. అందుకే ఎలక్ట్రీషియన్లు దాన్ని తీసి పక్కన పెడుతున్నారు. ఇంజనీర్లు వచ్చి "పెట్టండి" అని చెప్పి వెళ్లిపోతారు. పడిపోకుండా ఎలా పెట్టాలో చెప్పేవాడు కావాలి మాకు.

పాతలైను
చెరువంతటికీ ఒకటే పెడితే అలాగే అవుతుందండి. తడిసిన కేబుళ్ల నుంచి ఒక్కో చోట కాస్త కాస్త లీకయ్యేదంతా కలిసి 30 దాటేస్తుంది. ఏరేటర్లని విడగొట్టి, ఒక్కో గుంపుకి ఒక్కోటి పెట్టాలి. ఒకటి పడినా మిగతావి తిరుగుతాయి. పడిన గుంపులో ఏ కేబులు పాడైందో వెతకడం కూడా తేలిక. ఇంకో సంగతి, మన ఉప్పు నేలలో ఎర్త్ రెసిస్టెన్స్ తక్కువే వస్తుంది కానీ ఆ కడ్డీని తుప్పు త్వరగా తినేస్తుంది. ఏటా కొలిపించండి.

గట్టుమీద_మాస్టారు
ఇదిగో, నాకు కావలసింది ఇదే. ఉండి వారి చెరువు ఒక ప్రాజెక్టు ప్రశ్న అయిపోయింది. "పది ఏరేటర్లు, ప్రాణానికి రక్షణ కావాలి, రొయ్యలు కూడా బతకాలి. బోర్డు గీయండి."

సీఎస్‌ఈ_మేడం_రాజమండ్రి
మీరంతా చెరువు గట్టు మీదే ఉన్నారు. మా సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సెక్షన్లలోనే పిల్లలు ఎక్కువ ఇప్పుడు. వాళ్లకి ఇండక్షన్ మోటారు ఎందుకు అని అడుగుతారు, నేను జవాబు చెప్పాలి. లాప్‌టాప్ చార్జరు, యూపీఎస్, బ్యాటరీ, సోలార్ మీద రెండు వారాలు ఇవ్వండి. కాకినాడ జేఎన్‌టీయూ 2023 సిలబస్ (ఆర్23)లో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ కలిపి ఒకే పేపరు చేశారు. మా బ్రాంచి వరకు అది మంచి పనే అనిపించింది నాకు.

ఫేజర్_పిచ్చి
మంచి పనా? రెండు సగాలు కలిపి ఒక పూర్తి పేపరు కాదు మేడమ్. ఎలక్ట్రికల్ సగంలో డీసీ మోటారు నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ ఉన్నాయి. దేని దగ్గరా ఆగే తీరిక లేదు.

వైండింగ్_షాపు_తణుకు
చదువు లేనివాడిని, మధ్యలో మాట్లాడుతున్నానని అనుకోవద్దు. మా షాపుకి నెలనెలా వచ్చే మోటార్లలో చాలావాటికి కారణం ఒకటే. ఒక ఫేజు పోతుంది, మోటారు రెండు ఫేజుల మీదే తిరుగుతూ ఉంటుంది, కాలిపోతుంది. మూత విప్పగానే తెలిసిపోతుందండి. స్టార్ కనెక్షనైతే (మూడు ఫేజుల కాయిళ్ల ఒక్కో కొస ఒకేచోట కలిపితే) మూడింట రెండు వంతుల కాయిళ్లు మాడి నల్లగా ఉంటాయి, మూడో ఫేజు కాయిళ్లు కొత్తవాటిలా మెరుస్తుంటాయి. డెల్టా అయితే (కాయిళ్లు త్రికోణంలా కలిపితే) తిరగబడుతుంది. ఒక్క ఫేజు కాయిళ్లు మాడతాయి, రెండు బాగుంటాయి. చుట్టూ సమానంగా మాడిందంటే లోడు ఎక్కువైందని అర్థం, లేదా బేరింగు పట్టేసింది.

మా దగ్గర పనిచేసే కుర్రాడు పదో తరగతి ఆపేసినవాడు. వాడు ఇది చూసి చెప్పేస్తాడు. బీటెక్ కుర్రాళ్లు ఎందుకలా మాడిందో లెక్క కట్టి చెప్పగలిగితే వాడికీ నేర్పవచ్చు.

గట్టుమీద_మాస్టారు
మీరు చదువు లేనివాడినని అనొద్దండి. నేను ఇన్నేళ్లు మోటార్లు చెప్పాను, కాలిన స్టేటర్ (మోటారులో కాయిళ్లు చుట్టిన కదలని భాగం) ఒక్కటి కూడా క్లాసుకి తెచ్చి చూపించలేదు ఎవరూ. అలాంటివి రెండు మాకు దొరుకుతాయా?

వైండింగ్_షాపు_తణుకు
పాత రాగి అమ్మేముందు రెండు ఉంచుతానండి. రెండేం ఖర్మ, కావాలంటే ఆటో వేసుకుని రండి.

ఫేజర్_పిచ్చి
తణుకు వారి పోస్టు నాకు బాగా నచ్చింది. నా వాదనకి దానికంటే మంచి సాక్ష్యం లేదు. స్టార్‌లో ఒక ఫేజు తెగితే మిగిలిన రెండు కాయిళ్లు సిరీస్‌లో పడతాయి. అదే లోడు లాగాలంటే వాటిలో కరెంటు సుమారు 1.73 రెట్లు కావాలి. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, కాబట్టి మూడు రెట్లు. డెల్టాలో మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా ఒక్క కాయిలే ఉంటుంది, మిగతా రెండూ సిరీస్‌లో పడి కరెంటు పంచుకుంటాయి. అందుకే ఆ ఒక్కటే మాడుతుంది. ఇదంతా ఫేజర్లు, అంటే ఏసీ వోల్టేజీని, కరెంటుని బాణాలుగా గీయడం, రాకుండా ఎలా చెబుతారు? మూడు కదలని కాయిళ్లు కలిసి తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని ఎలా పుట్టిస్తాయో చెప్పడానికి కూడా అవే కావాలి. 120 డిగ్రీల తేడా గీసి చూపించిన రోజు క్లాసులో పిల్లల ముఖాలు వెలుగుతాయి. ఆ రోజుని నేను వదులుకోను.

పాతలైను
వదులుకోమని ఎవరన్నారు? ముందు మాడిన కాయిలు చూపించండి, తర్వాత ఫేజరు గీయండి. మీరు వరస తిరగేసి చెబుతున్నారు, అంతే.

ఫేజర్_పిచ్చి
వరస విషయంలో ఒప్పుకుంటాను. గంటల విషయంలో ఒప్పుకోను. ఏసీ సర్క్యూట్లకి 9 గంటల కంటే తగ్గితే మీటింగులో నేనైతే సంతకం పెట్టను.

లంకపిల్ల
నేను సివిల్. మాకు ఈ పేపరు అంటే భయం, రెండోసారికి పాసయ్యాను. ఒక మాట చెప్తా. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు. దిగువ సీలేరులో 460 మెగావాట్ల జలవిద్యుత్తు ఉంది, 115 చొప్పున నాలుగు యూనిట్లు. అక్కడ టర్బైన్లు తిప్పిన నీళ్లే శబరిలో కలిసి, గోదావరిలో పడి ధవళేశ్వరం చేరతాయి. దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు చాలనప్పుడు అడిగేది సీలేరు నీళ్లనే. మా నాన్న ఫోన్లో "సీలేరు నుంచి వదిలారా" అని అడుగుతుంటే వినేదాన్ని. అదే నీరు ముందు కరెంటు ఇచ్చి తర్వాత మా చేలోకి వస్తోందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక. మొదటి క్లాసులో ఇది చెప్పి ఉంటే నేను ఆ పేపరు వేరేగా చదివేదాన్ని.

గట్టుమీద_మాస్టారు
మొదటి క్లాసు ఇదే అమ్మా. సీలేరు నుంచి సబ్‌స్టేషను, అక్కడి నుంచి ఊరి ట్రాన్స్‌ఫార్మరు, ఇంటి మీటరు. దారిలో వోల్టేజీ ఎందుకు పెంచుతాం, ఎందుకు దించుతాం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరులో 11 కేవీ వైపు కరెంటు 5 ఆంపియర్ల చిల్లర, 433 వోల్టుల వైపు 133. సన్న తీగ ఎటు, లావు తీగ ఎటు అన్నది బయట స్తంభం చూసి పిల్లలే చెప్పాలి.

పాలీ_కాకినాడ
న్యూట్రల్ గురించి మాస్టారు మొదట్లో అడిగారు, అందరూ ఎర్తు మీదకి వెళ్లిపోయారు. నేను పాలిటెక్నిక్‌లో చేయించే పద్ధతి చెబుతాను. మూడు పాత ఫిలమెంట్ బల్బులు స్టార్‌లో కలపండి. మూడూ 100 వాట్లవి. న్యూట్రల్ తీసేయండి. ఏమీ మారదు, పిల్లలు ఆశ్చర్యపోతారు. ఇప్పుడు ఒకటి తీసి 40 వాట్లది పెట్టి, మళ్లీ న్యూట్రల్ తీయండి. 40 వాట్ల బల్బు ఒక్కసారిగా తెల్లగా వెలుగుతుంది, మిగతా రెండూ మందగిస్తాయి. లెక్క ప్రకారం 230 ఉండాల్సిన చోట చిన్న బల్బుకి 287, పెద్దవాటికి 207.

వీధిలో న్యూట్రల్ తెగిన రోజు టీవీలు ఎందుకు కాలిపోతాయో ఆ తర్వాత వేరే చెప్పక్కర్లేదు. ఒక ఇంట్లో 60 వాట్ల బల్బు, పక్క ఫేజు మీదున్న ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె. న్యూట్రల్ తెగగానే రెండూ సిరీస్‌లో 400 వోల్టుల మధ్య పడతాయి. బల్బుకి 375 దాటి వస్తుంది, ఇస్త్రీ పెట్టెకి పాతిక కూడా రాదు. మెష్ అనాలిసిస్ నేర్పడానికి దీనికంటే మంచి సర్క్యూట్ నేను చూడలేదు.

సీఎస్‌ఈ_మేడం_రాజమండ్రి
మొదటి ఏడాది పిల్లల ముందు 400 వోల్టులతో ప్రయోగమా? వాళ్లకి స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా కొత్త. నేను ఒప్పుకోను.

పాలీ_కాకినాడ
న్యాయమైన మాటే మేడమ్. వోల్టేజీ తగ్గించే త్రీ ఫేజ్ వేరియాక్‌తో సగానికి దించి చేస్తాం. ఫేజుకి 115 అయితే 144, 104 వస్తాయి. వెలుగులో తేడా అప్పుడు కూడా కంటికి తెలుస్తుంది. హోల్డర్లకి మూత ఉంటుంది, ముందు ఆర్‌సీసీబీ ఉంటుంది, స్విచ్చు నా చేతిలో ఉంటుంది. తీగలు కలిపేది పిల్లలే, కరెంటు లేనప్పుడు.

సీఎస్‌ఈ_మేడం_రాజమండ్రి
అలా అయితే సరే. ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను, మా కంప్యూటర్ ల్యాబులో ఒక సంగతి దీనికి తగులుతుంది. మూడు ఫేజుల మీద సిస్టమ్స్ సమానంగానే పంచారు. అయినా న్యూట్రల్ తీగ వేడెక్కేది. బ్యాలెన్స్ అయితే న్యూట్రల్‌లో కరెంటు సున్నా కదా అని మా ఎలక్ట్రీషియన్ తల పట్టుకున్నాడు.

ఫేజర్_పిచ్చి
మేడమ్, మీ పిల్లలకి మోటారు ఎందుకు అన్నారు చూడండి, జవాబు మీ ల్యాబులోనే ఉంది! కంప్యూటర్ల పవర్ సప్లైలు కరెంటుని సైన్ వేవ్‌లా తీసుకోవు, ముక్కలు ముక్కలుగా లాగుతాయి. అందులో 150 హెర్ట్జుల మూడో హార్మోనిక్ ఉంటుంది. 50 హెర్ట్జుల దగ్గర మూడు ఫేజుల కరెంట్లు న్యూట్రల్‌లో రద్దవుతాయి. 150 దగ్గర మూడూ ఒకే దిశలో పడి కూడుకుంటాయి. సీఎస్‌ఈ సెక్షనుకి త్రీ ఫేజ్ చెప్పేటప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

సీఎస్‌ఈ_మేడం_రాజమండ్రి
ఇది నాకు కావాలి. మోటారు గంటల్లో రెండు మాకు తగ్గించి దీనికి ఇస్తే ఇక నాకు పేచీ లేదు.

ఈసీఈ_సెకండియర్_అమలాపురం
ల్యాబు గురించి ఒక మాట చెప్పొచ్చా. మా బ్యాచికి ఎనిమిది మంది. ఇద్దరు అబ్బాయిలు తీగలు కలిపేవాళ్లు, మిగతా ఆరుగురం రీడింగులు రాసుకునేవాళ్లం. చివరికి వైవాలో అడిగేది రికార్డులో ఏం రాశావు అని. సెమిస్టరంతా నేను మల్టీమీటరు పట్టుకోలేదు. మా క్లాసులో చాలామంది అమ్మాయిలది ఇదే పరిస్థితి. సిలబస్ ఎంత బాగున్నా ఇది మారకపోతే లాభం లేదు సార్.

పాతలైను
ఈ అమ్మాయి చెప్పింది అన్నిటికంటే ముఖ్యం.

పాలీ_కాకినాడ
ఇద్దరికి ఒక బల్ల. 24 వోల్టుల సప్లై, ఒక మామూలు మల్టీమీటరు. మీటరు ఐదారు వందల లోపే వస్తుంది. ఖరీదైన ప్యానెల్ బోర్డు ఒకటి కొనే డబ్బుతో క్లాసుకంతా మీటర్లు వస్తాయి. యాజమాన్యానికి ఇలా లెక్క చూపించండి మాస్టారూ, ప్యానెల్ బోర్డులు ఫొటోలో బాగుంటాయని వాటికే మొగ్గుతారు.

రొయ్యలచెరువు_ఉండి
కేబులు లెక్క కూడా పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మరుకి అరకిలోమీటరు దూరంలో చెరువు. ఏరేటర్లు పెంచుకుంటూ పోయాం, కేబులు పాతదే. మోటార్లు వేడెక్కుతున్నాయి, చక్రం నీళ్లు చిమ్మడం తగ్గింది. లో ఓల్టేజీ అని డిపార్టుమెంటు వాళ్ల మీద కోప్పడుతున్నాం మేము.

గట్టుమీద_మాస్టారు
16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అనుకుని కడదాం. అరకిలోమీటరుకి ఒక్కో తీగ రెసిస్టెన్సు 0.95 ఓముల దరిదాపు. 2 హెచ్‌పీ ఏరేటర్లు పది. ఎఫిషియెన్సీ 80 శాతం, పవర్ ఫాక్టర్ 0.8 వేసుకుంటే కరెంటు 32 ఆంపియర్ల పైన. లైనులో పోయేది దాదాపు 43 వోల్టులు. 415లో పదో వంతు దారిలోనే పోయింది. మోటారు టార్క్ వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది కాబట్టి అయిదో వంతు బలం పోయినట్టు. నాలుగే ఏరేటర్లు ఉన్నప్పుడు ఇదే కేబులు మీద 17 వోల్టులే పోయేవి, అందుకే అప్పుడు మీకు తెలియలేదు. మీరు తిట్టే లో ఓల్టేజీలో కొంత వాటా మీ కేబులుదేనండి.

రొయ్యలచెరువు_ఉండి
ఇది నాకు ఇన్నేళ్లలో ఎవరూ ఇలా కాగితం మీద వేసి చూపించలేదండి. మా అబ్బాయి ఈ ఏడు ఇంటర్ అయ్యాడు. మీ కాలేజీ ఏదో విడిగా చెప్పండి.

ఫేజర్_పిచ్చి
0.95ని పవర్ ఫాక్టరుతో కూడా గుణించారని పిల్లలకి విడిగా చెప్పండి, తప్పు చేసేది అక్కడే. ఇంకో ప్రశ్న. పరీక్ష పేపరు ఎవరు సెట్ చేస్తారు? 70 మార్కుల పేపర్లో "థెవెనిన్ సిద్ధాంతాన్ని నిర్వచించి నిరూపించుము" అని వస్తే మీరు క్లాసులో చెరువుల గురించి ఎంత చెప్పినా పిల్లలు గైడు చదువుకునే వస్తారు.

గట్టుమీద_మాస్టారు
అది నిజం. మోడల్ పేపరు కూడా ముసాయిదాతోపాటే మీటింగులో పెడతాను. అందరి మాటలూ చూశాక నేను అనుకుంటున్న వరస ఇది. సీలేరు నుంచి మీటరు దాకా ఒక వారం. షాకు, ఎర్తు, ఆర్‌సీసీబీ లెక్కలతో రెండు వారాలు, ఓమ్, కిర్కాఫ్ అందులోనే గుర్తుచేస్తాం. తర్వాత కేబులు డ్రాప్ మీద థెవెనిన్. నార్టన్, మాక్సిమమ్ పవర్ సిద్ధాంతాలు తీసేస్తున్నాను, ఎలక్ట్రికల్ వాళ్లు రెండో ఏడాది ఎలాగూ చదువుతారు. ఏసీకి ఫేజర్ గారు అడిగిన 9 గంటలూ ఉంటాయి, అందులో మూడు త్రీ ఫేజ్‌కి, న్యూట్రల్‌కి. ట్రాన్స్‌ఫార్మరు రెండు వారాలు. మోటారు కాలిన స్టేటర్‌తో మొదలై స్టార్ డెల్టా స్టార్టరుతో ముగుస్తుంది. ఆఖర్న చార్జర్లు, యూపీఎస్, సోలార్. సీఎస్‌ఈకి హార్మోనిక్స్ రెండు గంటలు అదనం.

ఎవరైనా అభ్యంతరం చెబితే 2018 ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నమూనా సిలబస్‌లో కూడా ఇన్‌స్టలేషన్స్ (ఫ్యూజులు, ఎర్తింగ్ లాంటివి) ఒక పూర్తి యూనిట్ అని చూపిస్తాను. అక్కడ అది ఆఖరిది. మేము ముందుకి తెస్తున్నాం.

ఫేజర్_పిచ్చి
మాక్సిమమ్ పవర్ తీసేస్తే ఈసీఈ వాళ్లు గొడవ చేస్తారు. ఒక ట్యుటోరియల్ షీటులోనైనా ఉంచండి. మిగతాదానికి నా సంతకం.

పాతలైను
ఎర్త్ రెసిస్టెన్స్ కొలవడం ల్యాబులో మొదటి ప్రయోగంగా పెట్టండి, కాలేజీ పిట్టు మీదే. ఎంత వస్తుందో చూసి ప్రిన్సిపాల్ గారికి కూడా పంపండి.

వైండింగ్_షాపు_తణుకు
స్టార్‌ది ఒకటి, డెల్టాది ఒకటి పక్కన పెట్టేశాను మాస్టారూ. ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి. పిల్లల్ని కూడా తెస్తే మధ్యాహ్నం మూడు దాటాక తీసుకురండి, అప్పటికి వార్నిష్ పని అయిపోతుంది, లోపల నిలబడే చోటుంటుంది.